పదమూడు మసక ఫొటోలు

ఆమె పనిచేసే గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క తలుపుకు నల్లగుడ్డ తెర. కంటి ఆసుపత్రి రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమ చేతివైపు మూడో గది. బయట బెంచీ మీద మనుషులు కంట్లో మందు చుక్కలు వేయించుకుని, కంటిపాప పెద్దదయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చునేవారు. తరవాత ఒక్కొక్కరే లోపలికి వచ్చి కెమెరా ముందు గడ్డం ఆనించేవారు. కంటి వెనకగోడకు అంటుకుని ఉండే పల్చటి పొరను, డాక్టర్లు రెటీనా అనేదాన్ని, ఆమె ఫొటో తీసేది. ఇరవై ఏడేళ్ళుగా అదే పని.

ఆసుపత్రిలో అందరూ ఆమెను అద్దంగారు అనేవారు. ఆమె తీసిన ఫొటో అద్దంలా ఉందని ఎప్పుడో ఒక డాక్టరు అన్నాడు. ఆ పేరు ఆ రోజు అతుక్కుంది, మళ్ళీ ఊడలేదు. కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకుని హాజరు పట్టీలో వెతికి, అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరని ఫిర్యాదు చేసిన రోజులూ ఉన్నాయి.

ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆమెకొక పద్ధతి ఉంది. ఒక్కో కంటికి పదో పదిహేనో తీసేది. తేటగా వచ్చినవి ఒకటి రెండు ఉంచి, మిగతావి కుర్చీలోంచి లేవకుండానే తీసేసేది. మసకవి, రెప్పవెంట్రుకలు అడ్డొచ్చినవి, రోగి ఉలిక్కిపడినప్పుడు చెదిరినవి, ఏవీ డాక్టరు బల్లదాకా పోనిచ్చేది కాదు. ఊడ్చిన ఇల్లు చూపించాలిగాని ఊడ్చిన చెత్త చూపిస్తామా అనేది.

మంగళవారం పొద్దున పదిన్నరకు తెర పక్కకు జరిగి చుక్కలమ్మ తల లోపలికి వచ్చింది. బెంచీ మీది వాళ్ళకు చుక్కల మందు వేసే నర్సు. నలభై మందిని ఒక్క గొంతుతో కూర్చోబెట్టగలదు.

"అద్దంగారూ, మీ అన్నయ్య వచ్చాడు. కూర్చోమంటే కూర్చోడు. మొహం ముందు ఈగను తోలుకుంటున్నాడు."

"తోలుకోనీ."

"ఈగ లేదండీ," అంది చుక్కలమ్మ.

ఆమె చేతిలో పని వదిలేసి లేచింది.

అన్న దర్జీ. అరవై మూడేళ్ళు. కోట్లు కుడతాడు. చిన్నప్పటినుంచీ సోడాసీసా అడుగులాంటి కళ్ళద్దాలు. ఎడమ కన్ను ఎనిమిదేళ్ళ కిందటే పోయింది. కుడి కంటితోనే ఇన్నాళ్ళూ కొలిచాడు, కత్తిరించాడు, కుట్టాడు. ఇప్పుడు గోడకు ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో గాలిలో దేన్నో పక్కకు తోస్తున్నాడు.

"ఏంటన్నయ్యా?"

"నువ్వేనా చెల్లాయ్? నాలుగు రోజులైంది. గుడ్డ మీద నల్లదారం కనబడుతోంది. దులిపితే పోదు. తెల్ల లైనింగు మీదైతే మరీను. ఇంట్లో దుమ్మనుకుని రెండుసార్లు ఊడ్చా."

"దారమా?"

"మొదట దారమే. నిన్నటికి సాలెగూడైంది. ఇవాళ లేచేసరికి మసి. లాంతరు చిమ్నీలోంచి చూస్తున్నట్టుంది."

"నాలుగు రోజులూ ఏం చేశావు?"

"చెప్పాగా. ఊడ్చాను."

ఆమె అన్నను మోచెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గది వైపు నడిపించింది. మెట్టు ఉన్నచోట మెట్టు అంది. లేనిచోట ఏమీ అనలేదు.

ఎడమ కన్ను కూడా ఇలాగే మొదలైంది. కంటిగుడ్డు లోపల గాజంత తేటగా, జెల్లీలా ఒక పదార్థం నిండి ఉంటుంది. వయసుతో అది కుంచించుకుని వెనకనున్న పొర నుంచి విడివడుతుంది. చాలామందికి చడీచప్పుడూ లేకుండానే విడివడుతుంది. కొందరికి విడివడేటప్పుడు పొరను ఎక్కడో పట్టి లాగుతుంది. సన్నటి రక్తనాళం చిట్లి తేటంతా మసకబారుతుంది. పొర కూడా చిరిగితే ఆ చిరుగులోంచి నీరు దూరి, గోడకు అంటించిన కాగితం ఊడినట్టు పొరంతా ఊడి వస్తుంది. చిరిగిందో లేదో చూద్దామంటే, చూడనివ్వకుండా ముందు ఆ రక్తమే అడ్డం నిలబడుతుంది.

ఎనిమిదేళ్ళ కిందట ఇంత మసి లేదు. పల్చటి పొగ. ఆమె పద్నాలుగు ఫొటోలు తీసింది. వాటిలో ఒకటి, పొర మధ్యభాగానిది, ఆ పొగలోంచి కూడా చెక్కినట్టు వచ్చింది. అది ఉంచి పదమూడు తీసేసింది. అప్పటి పెద్ద డాక్టరు దాన్ని చూసి, ఇంత పొగలో ఇంత తేటగా ఎలా తీశావమ్మా అని మెచ్చుకున్నాడు. పొర శుభ్రంగా ఉంది, రక్తం దానంతటదే ఇంకిపోతుంది, ఆగుదాం అన్నాడు. పదకొండో రోజున పొర ఊడిపోయింది. ఆపరేషనులో పైఅంచున చిరుగు కనబడింది, గోరుతో గిల్లినట్టు వంపుగా. రెండుసార్లు కోశారు. కన్ను దక్కలేదు. ఆ డాక్టరు తరవాత ఉద్యోగ విరమణ చేసి వెళ్ళిపోయాడు.

ఆ పదమూడింటిలో ఒకటి ఆమెకు గుర్తుంది. అన్నను పైకి చూడమని తీసింది. అంచున వంపుగా ఏదో నీడ. రెప్పవెంట్రుక అనుకుంది. అనుకుని తీసేసింది. అది వెంట్రుకే అయి ఉండొచ్చు. కాకపోయి ఉండొచ్చు. ఫొటో లేదు కాబట్టి తేలే దారి లేదు. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. పద్ధతీ మార్చుకోలేదు. మార్చుకుంటే ఎందుకు మార్చావని ఎవరైనా అడుగుతారని. అంత పట్టించుకుని అడిగేవాళ్ళెవరూ లేరని ఆమెకూ తెలుసు.

చేసిందల్లా ఒకటి. ప్రతి ఆదివారం అన్న ఇంటికి వెళ్ళి సూదులకు దారం ఎక్కించేది. ఒంటి కంటికి దగ్గరేదో దూరమేదో తెలియదు. సూది ఇక్కడ ఉందనుకుంటే దారం అక్కడ పొడుస్తుంది. వారానికి సరిపడా రెండు డజన్ల సూదులు, నలుపు, తెలుపు, బూడిద రంగు, ఎక్కించి ముడివేసి ఇస్తే, అన్న ఒక్కొక్కటే అందుకుని చూడకుండానే దిండులో గుచ్చేసుకునేవాడు. ఎందుకు వస్తున్నావని అడగలేదు. వదిన ఉన్నప్పుడు టీ పెట్టేది. వదిన పోయి ఏడాదిన్నర. అప్పటినుంచీ ఆ ఇంట్లో చప్పుడు చేసేది కుట్టుమిషను ఒక్కటే. మిషను ఆగితే అన్న లేచి వెళ్ళి ఏదో ఒక చప్పుడు ఉండాలని కొళాయి తిప్పి వదిలేస్తున్నాడని పక్కింటివాళ్ళు ఆమెకు చెప్పారు.

డాక్టరమ్మకు ముప్ఫై అయిదు దాటలేదు. మాట కత్తిరించినట్టు ఉంటుంది. తలకు లైటు కట్టుకుని అన్న కంట్లోకి చూసి, "ఎర్రటి పొగ తప్ప ఏం లేదు," అంది. రెప్ప మీద జెల్లు రాసి స్కాను చేసింది.

"పొర ఊడలేదు. అది సంతోషం. చిరిగిందా లేదా అన్నది స్కానులో తేలడం లేదు. చిరగకపోతే రక్తం ఇంకేదాకా ఊరుకోవచ్చు. చిరిగితే ఊరుకోకూడదు. లోపలికెళ్ళి బాగుచెయ్యాలి."

"వెళ్ళండి మరి," అన్నాడు అన్న.

"ఉన్నది ఒక్క కన్ను పెద్దాయనా. ఊరికే కోసి చూద్దామంటే కుదరదు. కోతకు ఉండే తంటాలు కోతకుంటాయి. నాకొక ఆనవాలు కావాలి."

"కత్తెర పెట్టే ముందు కొలత కావాలంటారు."

"అంతే." డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "రెండు రోజులు కూర్చోబెడదాం. పైభాగం తేటపడితే ఫొటోలో అంచు దొరకొచ్చు. సొంత అన్నయ్య కదా, మీకు కష్టమైతే పక్క బ్రాంచి నుంచి ఎవరినైనా పిలిపించనా?"

ఆమె నోరు తెరిచేలోగా అన్న అందుకున్నాడు.

"వేరేవాళ్ళెందుకండీ? దీనిచేతే తీయించండి. ఎడమ కన్నప్పుడూ ఇదే తీసింది. అద్దంలా తీసింది."

"నేనే తీస్తాను," అంది ఆమె.

బురదనీళ్ళు బిందెలో పోసి కదపకుండా ఉంచితే మన్ను అడుక్కి దిగి పైన తేట తేలుతుంది. కంట్లోనూ అంతే. రెండు కళ్ళకూ కట్టుకట్టి, రాత్రీ పగలూ మనిషిని నిలువుగా కూర్చోబెట్టాలి. అన్నను పై అంతస్తు వార్డులో వెనక మూడు దిళ్ళు పెట్టి కూర్చోబెట్టారు. కూర్చునే నిద్రపోవాలి పెద్దాయనా, పక్కకు ఒరగకూడదు అని చుక్కలమ్మ చెప్పింది.

"నాకేమన్నా కొత్తా? ముప్ఫై ఏళ్ళు మా ఆవిడ కబుర్లు చెబుతుంటే అలాగే నిద్రపోయా."

"విని ఉంటే బాగుండేది," అంది చుక్కలమ్మ.

"అవును," అన్నాడు అన్న. కట్టు వెనక మొహం ఎలా ఉందో తెలియలేదు. చుక్కలమ్మ ఆ తరవాత కాసేపు దిళ్ళు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది.

గురువారం పొద్దున చక్రాల కుర్చీలో కిందికి తీసుకొచ్చారు. లిఫ్టు గడప దగ్గర కుర్చీ తోసే అతను ఒక్క ఊపున దాటించబోతే చుక్కలమ్మ గసిరింది. "నెమ్మదయ్యా! కుర్చీలో మనిషి ఉన్నాడనుకోకు. నిండు బిందె ఉందనుకో." నల్లతెర దాటేసరికి పావుగంట పట్టింది.

ఆమె అన్న గడ్డాన్ని కెమెరా అంచున ఆనించి, నుదురు పట్టీకి తగిలించింది. చుక్కలమ్మ దూది చుట్టిన పుల్లతో పైరెప్ప ఎత్తిపట్టింది. కెమెరాలో రెండు రంగుల కాంతి ఉంటుంది. ఆకుపచ్చ కాంతి రక్తం దగ్గరే ఆగిపోతుంది. ఎర్రది ఎంతోకొంత దూరుకుంటూ పోతుంది. ఆమె ఆకుపచ్చను ఆపేసి ఎర్రదే ఉంచింది.

"ఎదురుగా చుక్క కనబడుతోందా?"

"ఏం చుక్క? అంతా సంధ్యలా ఉంది."

"సరే, నా గొంతు వైపు చూడు."

మొదటి ఫొటో బూడిద. రెండోది బూడిద. మూడోదాంట్లో ఒక రక్తనాళం ముక్క తేలి మునిగింది.

"పైకి చూడు. ఇంకా పైకి. ఇప్పుడు కిందికి. మళ్ళీ పైకి. కదలకు."

కన్ను కదిలినప్పుడు మడ్డి లేస్తుంది. ఆగిన తరవాత సర్దుకోవడం మొదలుపెడుతుంది. ఆ లేవడానికీ సర్దుకోవడానికీ మధ్య ఎక్కడో, ఒకటి రెండు మూడు లెక్కపెట్టినంతలో, పొగలో సందు పడుతుంది. ఎక్కడ పడుతుందో చెప్పలేం. పడిన చోట పడ్డట్టు తియ్యడమే. ఆమె లోపల్లోపల లెక్కపెడుతూ మీట నొక్కింది. ఒక సందులో పైఅంచు ముక్క. ఇంకో సందులో ఏమీ లేదు. ఇంకోదాంట్లో అరచెయ్యంత మసి. పైకి, కిందికి, పైకి. కుడివైపు పైకి. ఎడమవైపు పైకి.

"ఇంకా ఎన్నే?" అన్నాడు అన్న ఇరవై నిమిషాలకు. "ఫొటో తియ్యమంటే పొలం దున్నుతున్నావేంటి?"

"మాట్లాడకు. గడ్డం కదులుతోంది."

"చుక్కలమ్మగారూ, మీరైనా చెప్పండి."

"నాకు చెయ్యి పట్టేసింది పెద్దాయనా. నేనే మాట్లాడటం లేదు, మీరెందుకు?"

మొత్తం డెబ్భై ఒకటి. అన్నను మళ్ళీ కుర్చీలో ఎక్కించి పంపేశాక ఆమె కంప్యూటరు తెర ముందు కూర్చుంది. ఫొటోలు చిన్నచిన్న చదరాలుగా వరసలు కట్టి ఉన్నాయి. ఉతకని గుడ్డముక్కల మూటలా ఉన్నాయి. నాలుగు మాత్రం ఫరవాలేదు. ఆ నాలుగింటిలోనూ పొర శుభ్రంగా ఉంది. ఆమె వేలు అలవాటు ప్రకారం తీసేసే మీట మీదికి వెళ్ళి అక్కడ ఆగింది. ఇరవై ఏడేళ్ళుగా ఆ మీట మీది అక్షరాలు ఆమె వేలికే అరిగిపోయాయి.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, డెబ్భై ఒకటీ డాక్టరమ్మకు పంపింది.

అయిదు నిమిషాలకు డాక్టరమ్మే దిగి వచ్చింది.

"అద్దంగారూ, ఏంటిది? మీరేనా పంపింది? బాగున్నవి నాలుగు పంపితే సరిపోదా?"

"బాగున్నవాటిలో ఏమీ లేదు మేడమ్."

"బాగులేనివాటిలో?"

"ఉందో లేదో ఒక్కదాన్ని చూసి చెప్పలేం. నేను ఎంచలేదు. అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం."

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. తరవాత స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆమె ఒక్కో ఫొటో తెరిచి, దానిలో కనబడిన రక్తనాళం ముక్కను బట్టి దాని చోటు వెతికి, చోటు దొరికినదాన్ని కంప్యూటరులో ఒక పెద్ద ఖాళీ చదరం మీద అతికించుకుంటూ పోయింది. చోటు దొరకనివి కింద వరసలో పెట్టింది, తీసెయ్యలేదు. గంటకు పైగా పట్టింది. పైభాగం కొంచెం కొంచెంగా పూడింది, కన్నాలు కన్నాలుగా, అతుకులు అతుకులుగా. నలభై మూడోదాంట్లో పైఅంచున వంపుగా ఒక నీడ.

"రెప్పవెంట్రుక," అంది డాక్టరమ్మ.

"అయ్యుండొచ్చు."

ఆమె యాభై ఎనిమిదోది తెరిచింది. మొత్తంలో అదే అన్నిటికన్నా మసక ఫొటో. మూడొంతులు మసి. మిగిలిన పావువంతులో ఒక నాళం మలుపు, దాని పక్కన చాలా పల్చగా అదే వంపు.

"వెంట్రుక కెమెరా ముందుంటుంది మేడమ్. కన్ను ఎటు తిప్పినా ఫొటోలో దాదాపు ఒకచోటే పడుతుంది. రక్తం మరక దానిష్టం వచ్చిన చోటికి పోతుంది. ఇది చూడండి. నలభై మూడులో అంచున ఉంది. దీంట్లో లోపలికి వచ్చింది. కాని రెండింటిలోనూ ఈ మలుపును వదల్లేదు."

"నాళంతో పాటు కదిలింది," అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

"అరవై ఆరులో కూడా ఉంది. సగమే కనబడుతోంది."

డాక్టరమ్మ మూడింటినీ మార్చి మార్చి చూసింది. 

"చిరుగే. రేపు పొద్దున మొదటి కేసు ఇదే." లేచి తలుపు తెర దాకా వెళ్ళి ఆగింది. "ఇలా పోల్చి చూడాలని మీకెలా తట్టింది?"

"ఎడమ కన్నప్పుడు పోల్చలేదు. పదమూడు తీసేశాను."

డాక్టరమ్మ తెర వదిలి ఆమె వైపు తిరిగింది. తరవాత, "అప్పట్లో అందరూ తీసేసేవాళ్ళండీ," అంది.

ఆ మాట నిజమే. ఆమె తల ఊపింది. డాక్టరమ్మ వెళ్ళిపోయాక ఆ మాట తనకు ఏ ఊరటా ఇవ్వలేదని గమనించింది.

ఆపరేషను గంటన్నర పట్టింది. మసకబారిన జెల్లీ అంతా తీసేసి, చిరుగు చుట్టూ లేజరుతో కాల్చి అంటించి, పొరను గోడకు అదిమిపట్టడానికి లోపల వాయువు బుడగ వదిలారు. బుడగ పైకే తేలుతుంది కాబట్టి, అది వెనకగోడను అదమాలంటే మనిషి మొహం కిందికి పెట్టుకుని ఉండాలి. చిరుగున్న చోటును బట్టి ఎన్ని రోజులన్నది ఉంటుంది. అన్నకు వారం అన్నారు. బల్ల అంచున మెత్తటి చట్రం, అందులో నుదురు, చూపు నేల మీదికి. చూపంటూ ఇంకా రాలేదు, కట్టు ఉంది.

"పొర నిలబడిందో లేదో ఎప్పుడు తెలుస్తుంది?" అని ఆమె అడిగింది.

"బుడగ కరిగాక. ఆరు వారాలు," అంది డాక్టరమ్మ.

అయిదో రోజు మధ్యాహ్నం ఆమె వార్డుకు వెళ్ళింది. అన్న పక్కన కుర్చీ ఉంది. కుర్చీలో కూర్చుంటే అతని వీపుతో మాట్లాడాలి. ఆమె బల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"నువ్వేనా? ఎడమ చెప్పు ఈడుస్తావు నువ్వు. అయిదు రోజుల నుంచీ అందరినీ నడకను బట్టే గుర్తుపడుతున్నా. డాక్టరమ్మ పరుగు. చుక్కలమ్మది ఊరేగింపు."

"మెడ నొప్పిగా ఉందా?"

"కోటు కాలరు కుట్టేటప్పుడు ఇంతే వంగుతా. ఫరవాలేదు. ఏంటి, గొంతు అలా ఉంది?"

ఆమె చెప్పింది. తడుముకోకుండా, తిన్నగా చెప్పింది. పద్నాలుగు తీశానని, తేటగా ఉన్నది ఒకటి ఉంచానని, పదమూడు తీసేశానని. ఒకదాంట్లో వంపు ఉందని, వెంట్రుక అనుకున్నానని. పక్కపక్కన పెట్టి చూసి ఉంటే తెలిసేదేమోనని. తెలిసేదని ఖాయంగా అనలేనని, తెలియదని కూడా అనలేనని.

 పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసు కింద పెట్టారు.

"పదమూడా?"

"పదమూడు."

"మీ వదినకు తెలుసా?"

"లేదు."

"మంచిదైంది. తెలిస్తే నీకు టీ నీళ్ళు కూడా పోసేది కాదు."

ఆమె ఊఁ అంది.

"ఆదివారాలు సూదులు ఎక్కించడానికి వచ్చేదానివి. అందుకా?"

"అందుకూ."

"నా మీద ప్రేమకొద్దీ అనుకున్నా."

"అదీ ఉందన్నయ్యా."

"ఏది ఎన్ని పాళ్ళో?"

  అన్న చట్రంలో నుదురు కాస్త జరుపుకున్నాడు.

"ఇక వెళ్ళు," అన్నాడు. "ఇలా బోర్లా ఉండి మనిషి మీద కోపం తెచ్చుకోవడం కుదరడం లేదు. లేచాక చూసుకుంటా."

ఆమె లేచి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఎడమ చెప్పు ఈడ్వకుండా నడవాలని చూసింది. కుదరలేదు.

వారం తరవాత అన్నను ఇంటికి పంపారు. చుక్కల మందు వెయ్యడానికి చుక్కలమ్మే ఆసుపత్రికి వెళ్తూ వస్తూ దారిలో అన్న ఇంటి దగ్గర దిగేది. ఆ ఆదివారం చెల్లెలు అన్న ఇంటికి వెళ్ళాలని చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చింది. లేచాక చూసుకుంటానన్నవాడు ఇంకా పిలవలేదు. పిలవకుండా వెళ్తే ఎందుకు వచ్చినట్టు? సూదులకా, ఇంకోదానికా? మరుసటి ఆదివారమూ వెళ్ళలేదు. అన్న మిషను మీద కూర్చోవడం లేదట, కొళాయి మాత్రం కారుతోందట అని చుక్కలమ్మ చెప్పింది. అన్న ఇంకేమన్నాడని ఆమె అడగలేదు.

ఆరో వారం అన్న ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. బెంచీ మీద కూర్చోమంటే కూర్చున్నాడు. చుక్కల మందు వేయించుకుని, అరగంట ఆగి, తెర పక్కకు జరిపి లోపలికి వచ్చి, కెమెరా ముందు గడ్డం తనే ఆనించాడు.

"ఎదురుగా చుక్క కనబడుతోందా?"

"కనబడుతోంది. ఆకుపచ్చది."

ఆమె మీట నొక్కింది. పొర తెర మీద మూల మూలలదాకా తేటగా పరుచుకుంది. పైఅంచున, ఆ నాళం మలుపు పక్కన, లేజరు మచ్చలు చిరుగు చుట్టూ వరసగా, దగ్గర దగ్గరగా, గుండీ కాజా చుట్టూ వేసిన కుట్టులా ఉన్నాయి. పొర ఎక్కడా లేవలేదు. ఆమె పైకి చూడమంది, కిందికి చూడమంది, పక్కలకు చూడమంది. 

"నిలబడిందా?" అన్నాడు అన్న.

"నిలబడింది. డాక్టరమ్మ చూసి చెబుతుంది. కాని నిలబడింది."

"ఎన్ని తీశావు?"

"తొమ్మిది."

"ఎన్ని ఉంచావు?"

"తొమ్మిదీ."

అన్న కెమెరా మీంచి గడ్డం ఎత్తి వెనక్కి ఆనుకున్నాడు. జేబులోకి చెయ్యిపెట్టి సూదుల దిండూ, మూడు దారపు ఉండలూ తీసి బల్ల మీద, ఆమె ముందు, పెట్టాడు.

"చుక్కల మందు వేశారు. సాయంత్రందాకా నాకు దగ్గరవి కనబడవు. ఒక కోటు ఆగిపోయి ఉంది."

ఆమె బల్లదీపం వెలిగించింది. బయట చుక్కలమ్మ ఎవరినో కళ్ళు తెరవకమ్మా, తెరిస్తే మళ్ళీ వేస్తా అని బెదిరిస్తోంది. ఆమె మొదటి సూది తీసుకుని నల్లదారం కొనను నాలుకతో తడిపి, దీపానికెత్తి, ఎక్కించి, ముడివేసి ఇచ్చింది.

అన్న దాన్ని అందుకున్నాడు. దిండులో గుచ్చలేదు. సూదిని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో దారం పొడుగునా తడుముకుంటూ ముడి దాకా వెళ్ళి, ముడిని పట్టుకుని ఒకసారి లాగి చూశాడు. తరవాత గుచ్చాడు. చెయ్యి చాచాడు. ఆమె రెండోది ఇచ్చింది. దాన్నీ లాగి చూశాడు.

రెండు డజన్లూ అయ్యేదాకా ఒక్కదాన్ని కూడా వదల్లేదు. అయ్యాక దిండు జేబులో పెట్టుకుని లేచాడు.

"ఆదివారం రా," అన్నాడు. "కొళాయి కూడా కారుతోంది. బాగుచేసేవాళ్ళనెవరినైనా తీసుకురా."